కిడ్నీ రాయి కోసం తీసిన సీటీలో ఎముకల గురించి ఒక వాక్యం: నల్లగొండ రోగి కేస్ స్టడీ

ఈ కేసులోని రోగి వయసు 61 సంవత్సరాలు. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టి, అక్కడే వ్యవసాయం చేసుకుంటూ బతికి, నాలుగేళ్ల క్రితం హైదరాబాదులో ఉంటున్న కొడుకు దగ్గరికి వచ్చారు. ఎడమ డొక్కలో నొప్పి వస్తే దగ్గరలోని ఒక ఆసుపత్రిలో కిడ్నీ రాయి ఉందేమోనని సీటీ స్కాన్ తీశారు. రాయి కనిపించింది. ఎడమ మూత్రనాళంలో 5 మిల్లీమీటర్ల రాయి. వారం తిరగకముందే మందులతో, నీళ్లతో అదే పడిపోయింది. రిపోర్టు రెండో పేజీలో ఉన్న మరో వాక్యం మాత్రం ఆ కుటుంబాన్ని మూడు వారాలు నిద్రపోనివ్వలేదు. రోగిని గుర్తు పట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చి, ఆయన అనుమతితో ఈ కేసును రాస్తున్నాను.

ఆ వాక్యం సారాంశం ఇది: స్కాన్‌లో కనిపించిన ఎముకలన్నిటిలో విస్తృతంగా స్క్లిరోసిస్ ఉంది, మెటాస్టాసిస్ లేదా మెటబాలిక్ (ఒంట్లోని ఖనిజాలు, హార్మోన్ల తేడాల వల్ల వచ్చే) కారణం కావచ్చు, క్లినికల్ కోరిలేషన్ అవసరం. కొడుకు ఫోన్‌లో ‘మెటాస్టాసిస్’ అనే మాటకు అర్థం వెతుక్కున్నాడు. క్యాన్సర్ ఎముకలకు పాకడం అని తెలిసింది. అరవై దాటిన మగవారిలో ఎముకలను తెల్లబరిచే క్యాన్సర్లలో ప్రోస్టేట్‌దే ముందు స్థానమని కూడా చదివాడు. మరో చోట చూపిస్తే ఒళ్లంతా ఎముకల స్కాన్, దాని తర్వాత తుంటి ఎముక నుంచి ముక్క తీసి బయాప్సీ చేయించమన్నారు. ఎముకల స్కాన్ చేయించారు. అందులో ఎముకలన్నీ ఒకే తీరుగా మందును బాగా పీల్చుకున్నాయనీ, మూత్రపిండాలు దాదాపు కనిపించడం లేదనీ, ఇది ‘సూపర్ స్కాన్’ అనీ రాశారు. విస్తృతంగా పాకిన క్యాన్సర్‌లోనూ సూపర్ స్కాన్ వస్తుంది కాబట్టి భయం ఇంకా పెరిగింది. బయాప్సీకి తేదీ కూడా ఖాయం చేసుకున్నాక, తెలిసినవారి ద్వారా ఆ స్కాన్ల సీడీ రేడియాలజిస్టునైన నా దగ్గరికి వచ్చింది.

కొడుకు ఒక్కడే వచ్చాడు. కూర్చోకుండానే, “నాయనకు ఇంకా చెప్పలేదు సార్, ముందు మీరు చూసి చెప్పండి” అన్నాడు.

రేడియాలజీ రిపోర్టులో రెండు రకాల మాటలు ఉంటాయని రోగులకు ఎవరూ చెప్పరు. మొదటిది వర్ణన, రెండోది అభిప్రాయం. ‘స్క్లిరోసిస్’ అనేది వర్ణన మాత్రమే. ఎముక ఉండాల్సిన దానికంటే చిక్కగా, తెల్లగా కనిపిస్తోందని దాని అర్థం. అది జబ్బు పేరు కాదు. ఆకు పసుపు రంగుకు మారిందని రైతు చెప్పినప్పుడు అది తెగులు పేరు ఎలా కాదో, ఇదీ అంతే. నీళ్లు ఎక్కువైనా, తక్కువైనా, నత్రజని చాలకపోయినా ఆకు పసుపు రంగుకు మారుతుంది. ‘విస్తృతంగా’ అనే మాట కూడా వర్ణనే, కానీ ఈ మొత్తం వాక్యంలో ఎక్కువ సమాచారం ఉన్నది అందులోనే. తెలుపు ఒక చోట ఉందా, మచ్చలు మచ్చలుగా ఉందా, లేక వెన్నుపూసలు, పక్కటెముకలు, కటి ఎముకలు అన్నీ ఒకే సున్నం వేసినట్టు సమానంగా ఉందా అనేదాన్ని బట్టి ఆలోచన పూర్తిగా మారిపోతుంది. ఇక ‘క్లినికల్ కోరిలేషన్’ అనేది రోగికి చెప్పిన మాట కాదు, స్కాన్ రాసిచ్చిన డాక్టరుకు చేసిన విన్నపం. రోగిని పరీక్షించండి, అడగండి, ఈ బొమ్మతో పోల్చి చూడండి అని దాని అర్థం. ఈ కేసులో ఆ విన్నపం ఎవరికీ అందలేదు. రోగిని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పరీక్ష తర్వాత పరీక్ష రాస్తూ పోయారు. నేను కూడా ఇరవై ఏళ్లుగా రోజుకు ఎన్నో సార్లు రాసే మాట అది. రాసి వదిలేస్తే అది ఎక్కడికీ చేరదని ఈ కేసు తర్వాత నాకు మరింత స్పష్టంగా తెలిసింది.

ముందు బొమ్మల సంగతి చెప్తాను. నడుము వెన్నుపూసల లోపలి మెత్తటి భాగంలో సాంద్రతను కొలిస్తే సుమారు 380 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు వచ్చింది. ఆ వయసు మనిషిలో అది మామూలుగా 100కూ 150కీ మధ్య ఉంటుంది. కింది పక్కటెముకలు, త్రికాస్థి (నడుము కింద, తుంటి ఎముకల మధ్య ఉండే ఎముక), తుంటి ఎముకలు, తొడ ఎముకల పై భాగం అన్నీ అదే తీరుగా చిక్కబడి ఉన్నాయి. కుడికీ ఎడమకీ తేడా లేదు. ఎముక ఎక్కడా తిని వేసినట్టు లేదు, పై పొర పగలలేదు, పక్కన కండలోకి పెరిగిన గడ్డ లేదు. ప్రోస్టేట్ నుంచి పాకిన క్యాన్సర్ సాధారణంగా ఇంత క్రమశిక్షణతో ఉండదు. ఒక వెన్నుపూసలో గుండ్రటి తెల్ల మచ్చ, పక్కదానిలో సగం, తుంటిలో ఒక వైపు ఎక్కువ, మరో వైపు తక్కువ, ఇలా ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. అది కూడా అరుదుగా అంతటా సమానంగా పరుచుకోవచ్చు కనుక, ఈ ఒక్క లక్షణంతో క్యాన్సర్ కాదని చెప్పేయకూడదు.

నన్ను ఆపింది వేరే విషయం. త్రికాస్థి నుంచి కూర్చునే ఎముక దాకా వెళ్లే లిగమెంట్లు రెండు వైపులా ఎముకగా మారి, సన్నటి తెల్లటి పట్టీల్లా కనిపించాయి. నడుము నుంచి తుంటికి వెళ్లే లిగమెంట్లదీ అదే స్థితి. తుంటి ఎముక అంచులకు, కండరాలు అతుక్కునే చోట్లన్నిటా, రేగు ముళ్ల లాంటి మొలకలు ఉన్నాయి. క్యాన్సర్ ఎముక లోపల పెరుగుతుంది. లిగమెంట్లను ఎముకగా మార్చదు. ఎముకలన్నీ ఒకేలా తెల్లబడి, వాటిని కట్టి ఉంచే పీచులు కూడా ఎముకగా మారిన చోట నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి చిన్నప్పటి నుంచి ఎక్కడి నీళ్లు తాగాడు?

మర్నాడు తండ్రిని తీసుకురమ్మన్నాను. పెద్దాయన లోపలికి వచ్చిన తీరు చూస్తేనే చాలా వరకు అర్థమైంది. తల తిప్పకుండా, నడుం నుంచి పైన మొత్తం ఒకే దిమ్మెలా తిప్పి నా వైపు చూశారు. కూర్చోవడానికి కుర్చీ చేతులను పట్టుకుని మెల్లగా ఒదిగారు. ఊరు అడిగాను, చెప్పారు. ఏ నీళ్లు తాగేవారని అడిగాను.

“చిన్నప్పుడు బాయి నీళ్లే సారూ. తర్వాత బోరింగు వచ్చింది. పొలం కాడ బోరు నీళ్లు. మా ఊళ్లె అందరం గవ్వే తాగినం.”

నోరు తెరవమన్నాను. ముందు పళ్లు ఐదారు మిగిలాయి. వాటి మీద అడ్డంగా గోధుమ రంగు చారలు, మధ్యలో సుద్దముక్క లాంటి తెల్లదనం, ఒక పంటి అంచున ఎనామిల్ చిన్న చిన్న గుంటలుగా రాలిపోయి ఉంది. “మా దిక్కు అందరి పండ్లు ఇట్లనే ఉంటయి సారూ” అన్నారు, అదేదో అడగాల్సిన విషయమే కాదన్నట్టు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే, గార పళ్లు అని మనం తేలిగ్గా అనేసే ఈ మచ్చలకు వైద్యంలో చాలా విలువ ఉంది. శాశ్వత దంతాల ఎనామిల్ చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ల లోపు తయారవుతుంది. ఆ తర్వాత తాగిన ఫ్లోరైడ్ పంటి మీద ఈ చారలు వేయలేదు. కాబట్టి ఆ చారలు ఆయన బాల్యం ఎక్కడ గడిచిందో చెప్పే సాక్ష్యం. పెద్దయ్యాక ఆ ప్రాంతానికి వచ్చిన మనిషికి ఎముకలు దెబ్బతిన్నా పళ్లు తెల్లగానే ఉండవచ్చు.

తర్వాత మూడు చిన్న పరీక్షలు చేయించాను. గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటే నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. చేతులు తల వెనక పెట్టుకోమంటే మోచేతులు పైకి లేవలేదు. మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తీయమంటే చేతులు మోకాళ్ల దగ్గరే నిలిచిపోయాయి. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ దెబ్బతినే జబ్బు) ఉన్న పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు దశాబ్దాలుగా చేయిస్తున్న పరీక్షలివి. వీటికి ఏ యంత్రమూ అక్కర్లేదు. “మెడ పట్టేసి పదేండ్లు అయితున్నది, వయసు అనుకున్న” అన్నారు ఆయన.

ఆ రోజే కుడి ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయించాను. ఈ కేసులో అంత చౌకగా అంత స్పష్టమైన జవాబు ఇచ్చిన పరీక్ష మరొకటి లేదు. ముంజేతిలో రేడియస్, అల్నా అనే రెండు ఎముకల మధ్య ఒక పలచటి పొర సాగి ఉంటుంది. మామూలుగా అది ఎక్స్‌రేలో కనిపించదు. రెండు ఎముకల నడుమ నల్లటి ఖాళీ మాత్రమే ఉంటుంది. ఈయన ఫిల్ములో రేడియస్ లోపలి అంచు నుంచి ఆ ఖాళీలోకి రంపపు పళ్ల లాంటి తెల్లటి మొలకలు వరుసగా పొడుచుకు వచ్చి, ఒక చోట అవతలి ఎముక వైపు నుంచి వచ్చిన మొలకను దాదాపు తాకుతున్నాయి. ఆ పొర ఎముకగా మారిపోతోంది. ఆయన అరచేతిని పూర్తిగా వెల్లకిలా తిప్పలేకపోవడానికి, అన్నం కలుపుకునేటప్పుడు చెయ్యి సరిగ్గా తిరగడం లేదని భార్య గమనించడానికి కారణం అదే. ఫ్లోరోసిస్ సాధారణంగా ఉండే ప్రాంతం నుంచి వచ్చిన మనిషిలో, అంతటా సమానంగా తెల్లబడిన వెన్ను, కటి ఎముకలతో పాటు ఈ మార్పు కూడా కనిపిస్తే అస్థి ఫ్లోరోసిస్ అని నిర్ణయించడానికి బయాప్సీ అవసరం లేదన్నది నా అభిప్రాయం. బయాప్సీ రద్దు చేసుకోమని చెప్పాను.

అయినా రక్తపరీక్షలు చేయించకుండా వదలలేదు. ఫ్లోరైడ్ ప్రాంతంలో పుట్టినంత మాత్రాన క్యాన్సర్ రాకుండా పోదు కదా. ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉంటే చూసే పీఎస్ఏ అనే రక్తపరీక్షలో 1.8 వచ్చింది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఒంట్లోని ఎముకలన్నిటికీ పాకిన మనిషిలో ఆ సంఖ్య సాధారణంగా ఎంతో ఎక్కువగా ఉంటుంది. హిమోగ్లోబిన్ 12.6, రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే కణాలు మామూలుగానే ఉన్నాయి. మజ్జ పీచుగట్టిపోయే మైలోఫైబ్రోసిస్‌లోనూ ఎముకలు తెల్లబడతాయి కనుక ఇది చూడాల్సిందే. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2. మూత్రపిండాలు చెడినప్పుడు వెన్నుపూసల పైనా కిందా మాత్రమే తెల్లబడి, మధ్యలో మామూలుగా ఉండి, చారల చొక్కాలా కనిపిస్తుంది; ఇక్కడ ఆ చారలు లేవు. ఎముక ఏర్పడే వేగాన్ని చూపే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొంచెం ఎక్కువగా, పారాథైరాయిడ్ హార్మోన్ కొంచెం ఎక్కువగా, విటమిన్ డి 14 దగ్గర తక్కువగా ఉన్నాయి. ఇవన్నీ ఫ్లోరోసిస్‌లో కనిపించేవే. మూత్రంలో ఫ్లోరైడ్ లీటరుకు 2.4 మిల్లీగ్రాములు. నాలుగేళ్లుగా ఆ నీళ్లు మానేసినా ఇంత ఎందుకుందని కొడుకు అడిగాడు. ఒంట్లో ఉన్న ఫ్లోరైడులో సుమారు 99 శాతం ఎముకల్లో, పళ్లలో నిల్వ ఉంటుంది. ఎముక పాతది కరిగి కొత్తది ఏర్పడే కొద్దీ అది మెల్లగా ఏళ్ల తరబడి బయటికి వస్తూ ఉంటుంది. ఊరికి వెళ్లినప్పుడు పొలం బోరు నుంచి ఒక సీసా నీళ్లు తెమ్మంటే తెచ్చాడు. లీటరుకు 4.6 మిల్లీగ్రాములు వచ్చింది. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు.

ఫ్లోరైడ్ ఎముకను ఎలా తెల్లబరుస్తుందో కుటుంబానికి చెప్పిన మాటల్లోనే ఇక్కడా చెప్తాను. ఎముకలోని ఖనిజం పేరు హైడ్రాక్సీఅపటైట్. అందులో హైడ్రాక్సిల్ ఉండే గదిలోకి ఫ్లోరైడ్ దూరి కూర్చుంటుంది. అలా ఏర్పడిన కొత్త స్ఫటికం సులభంగా కరగదు. దానికి తోడు ఎముకను కట్టే కణాలను ఫ్లోరైడ్ రెచ్చగొడుతుంది. కట్టడం ఎక్కువై, కూల్చడం తక్కువైతే ఏమవుతుంది? గోడ మందమవుతుంది. కానీ ఆ గోడలో ఇటుకల వరుస సరిగ్గా ఉండదు, కొన్ని చోట్ల సున్నం ఆరదు. అందుకే తెల్లగా కనిపించే ఎముక బలమైన ఎముక అనుకోవడం పొరపాటు.

ఈ పొరపాటు ఒకప్పుడు వైద్యులూ చేశారు. బోలు ఎముకల జబ్బుకు సోడియం ఫ్లోరైడ్ మందుగా ఇచ్చి చూశారు. 1990లో అమెరికాలో రిగ్స్ బృందం ప్రచురించిన పరిశోధనలో రోజుకు 75 మిల్లీగ్రాముల చొప్పున నాలుగేళ్లు ఇచ్చిన స్త్రీలలో వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది, కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, వెన్ను కాకుండా మిగతా చోట్ల ఎముకలు విరగడం పెరిగింది. ఈ రోగికి మూడేళ్ల క్రితం ఎక్కడో ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ తీసి, టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువకుల ఎముకలతో పోల్చి చెప్పే సంఖ్య) ప్లస్ 5.2 అని చూసి, “మీ ఎముకలు కుర్రాడి ఎముకల కంటే గట్టిగా ఉన్నాయి” అని మెచ్చుకుని పంపారట. టీ స్కోరు మైనస్ 2.5కు తగ్గితే అందరూ అప్రమత్తమవుతారు. ప్లస్ 4 దాటితే కూడా అంతే అప్రమత్తం కావాలని చాలా చోట్ల గుర్తుండదు. ఆ కాగితం చూసినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. ఈ జబ్బును మూడేళ్ల ముందే పట్టుకునే అవకాశం ఆ ఒక్క సంఖ్యలో ఉంది.

దీని చరిత్ర మన నేల చరిత్రే. భారతదేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి 1937లో ప్రచురించినది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. షార్ట్, పండిట్, రాఘవాచారి రాసిన పత్రం అది. నల్లగొండ గురించి సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతాల కుర్రవాళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని, ఎముకలు పలచబడటాన్ని వర్ణించారు. అంటే ఇదే నీళ్లు ఒకరిలో ఎముకను చిక్కబరిస్తే మరొకరిలో, ముఖ్యంగా కాల్షియం చాలని తిండి తినే పిల్లల్లో, పలచబరచవచ్చు. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు; దేశం బయట కూడా ఆ పేరుతోనే తెలుసు. గ్రానైట్ రాళ్ల లోతుల్లోంచి తోడిన నీటి బదులు కృష్ణా నీళ్లు పైపుల్లో రావడంతో ఆ ప్రాంతంలో పిల్లల స్థితి మారింది. కానీ యాభై, అరవై దాటినవారి ఎముకల్లో ఆ పాత నీళ్లు ఇంకా ఉన్నాయి. వాళ్లలో చాలామంది ఇప్పుడు హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్నారు. వాళ్ల స్కాన్‌లు చదివే డాక్టర్లకు మర్రిగూడ పేరు తెలిసి ఉండకపోవచ్చు. ఆ సంగతి రోగి వైపు నుంచే చెప్పాల్సి వస్తుంది.

ఇంతవరకు క్యాన్సర్ కాదని తేలింది, కుటుంబం ఊపిరి పీల్చుకుంది. కానీ ఈ కేసులో అసలు ప్రమాదం అప్పటికింకా బయటపడలేదు.

ముంజేయి ఎక్స్‌రే చూపిస్తూ ఉంటే పెద్దాయన చొక్కా గుండీ పెట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నారు. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు గుండీని పట్టుకుంటున్నాయి, కాజాలో దూర్చలేకపోతున్నాయి. మూడోసారి కొడుకు వంగి పెట్టాడు. ఎన్నాళ్లుగా ఇలా ఉందని అడిగితే ఆరు నెలలుగా అన్నారు. నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోతోందని, జారినట్టు కూడా తెలియడం లేదని అప్పుడు చెప్పారు. మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఎగిరింది. ఇది వయసు కాదు, కీళ్ల బిగుతు కూడా కాదు. మెడలో వెన్నుపాము నలుగుతోందని చెప్పే గుర్తులివి. అదే రోజు న్యూరో సర్జన్‌కు ఫోన్ చేసి, మెడకు ఎమ్మారై, సీటీ తీయించాం.

వెన్నుపూసల వెనక నిలువుగా ఉండే లిగమెంట్ మెడ రెండో పూస నుంచి ఆరో పూస దాకా ఎముకగా మారి ముందు నుంచి వెన్నుపామును నొక్కుతోంది. వెనక వైపు ఉండే పసుపు లిగమెంట్ కూడా రెండు చోట్ల మందమైంది. వెన్నుపాము నడిచే దారి ఒక చోట 6 మిల్లీమీటర్లకు కుదించుకుపోయింది; మామూలుగా అది 13 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. ఎమ్మారైలో ఆ చోట వెన్నుపాము లోపల తెల్లటి మచ్చ, అంటే నలిగి దెబ్బతిన్న గుర్తు, మొదలైంది. ఈ స్థితిలో మనిషి బాత్రూములో కాలు జారి పడితే, లేదా ఎవరైనా మెడ పట్టేసిందని గట్టిగా విరిచి మర్దన చేస్తే, రెండు కాళ్లూ రెండు చేతులూ పడిపోయే ప్రమాదం ఉంది. మెడ నొప్పికి పెద్దాయన అంతకు ముందు రెండుసార్లు మెడ విరిపించుకున్నారని తెలిసి ఆ గదిలో అందరం కాసేపు మాట్లాడలేదు.

మొదటి రిపోర్టు మీద నాకున్న అసలు అసంతృప్తి ఇదే. అందులో రాసినది తప్పు కాదు. ఎముకలు తెల్లగానే ఉన్నాయి. కానీ లిగమెంట్ల గురించి ఒక్క మాట రాసి, ‘రోగి ఫ్లోరైడ్ ప్రాంతానికి చెందినవారైతే మెడ వెన్నుపామును పరీక్షించండి’ అని చేర్చి ఉంటే, ఆ కుటుంబం మూడు వారాలు లేని క్యాన్సర్ కోసం తిరిగేది కాదు, ఉన్న ప్రమాదాన్ని ముందే చూసేది.

ఇదే సమయంలో నా దగ్గరికి వచ్చిన మరో కేసును చెప్పకపోతే చదివేవారికి తప్పు సందేశం వెళ్తుంది. అదే జిల్లా స్త్రీ, యాభై ఆరేళ్లు, అవే గార పళ్లు. కొడుకులు “మా దగ్గర అందరికీ ఇంతే” అనుకుని నడుం నొప్పిని ఏడాది వదిలేశారు. ఆమె సీటీలో తెలుపు సమానంగా లేదు. కుడి తుంటిలో ఒక పెద్ద మచ్చ, రెండు వెన్నుపూసల్లో వేర్వేరు సైజుల మచ్చలు, మిగతా ఎముక మామూలుగా ఉంది. లిగమెంట్లు శుభ్రంగా ఉన్నాయి. నొప్పి రాత్రిళ్లు నిద్ర లేపేది, ఐదు కిలోలు తగ్గారు. ఆమెకు బయాప్సీ అదే వారం చేయించాను. రొమ్ము నుంచి పాకిన క్యాన్సర్ అని తేలింది, మందులు వెంటనే మొదలయ్యాయి. ఊరి పేరు జవాబు కాదు, ప్రశ్న మాత్రమే. మచ్చలుగా ఉన్న తెలుపు, రాత్రి నొప్పి, బరువు తగ్గడం, రక్తహీనత, పెరిగిన పీఎస్ఏ, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నీళ్ల మీద నెట్టేసి ఊరుకోకూడదు.

మన రోగి విషయానికి వస్తే, ఎముకల్లో చేరిన ఫ్లోరైడును తీసేసే మందు లేదు. ఇంకా చేరకుండా చూడటం, విటమిన్ డి లోటు తీర్చడం, పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలతో కాల్షియం అందేలా చూడటం, ఉసిరి, జామ లాంటి విటమిన్ సి ఉన్నవి తినమనడం, ఇవి చేశాం. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే నల్ల ఉప్పును, చిక్కటి టీ ఎక్కువసార్లు తాగడాన్ని మానమన్నాను. మూత్రపిండాలు ఫ్లోరైడును బయటికి పంపే ప్రధాన దారి కాబట్టి క్రియాటినిన్ ఏడాదికోసారి చూడాలి. నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. ఇంట్లో బాత్రూములో పట్టుకునే కమ్మీలు బిగించారు. మెడకు మర్దన, విరుపు పూర్తిగా నిషేధం.

మెడ ఆపరేషన్ గురించి కుటుంబం పది రోజులు ఆలోచించింది. గుండీ పెట్టుకోలేకపోవడం, చెప్పు జారడం ఆరు నెలల్లో పెరుగుతూ వచ్చాయి కనుక ఆగితే పోయిన శక్తి తిరిగి రాదని సర్జన్ నిదానంగా చెప్పారు. చివరికి పెద్దాయనే, “చేతులతోని అన్నం తినెటట్టు ఉంటే చాలు సారూ, చేయించుండ్రి” అన్నారు. మత్తు డాక్టరుకు ముందే చెప్పడం ఇలాంటి రోగుల్లో చాలా ముఖ్యం; మెడ వెనక్కి వంగదు కాబట్టి శ్వాసగొట్టం మామూలు పద్ధతిలో వేయడం కష్టం, ప్రమాదం కూడా. కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో, రోగి మెలకువగా ఉండగానే వేశారు. వెనక వైపు నుంచి పూసల కప్పు తీసి వెన్నుపాముకు చోటు చేశారు. ఎముక రాయిలా ఉందనీ, డ్రిల్ మామూలు కంటే రెట్టింపు సమయం తీసుకుందనీ సర్జన్ తర్వాత చెప్పారు.

నాలుగు నెలల తర్వాత వచ్చినప్పుడు చొక్కా గుండీలు సొంతంగా పెట్టుకుంటున్నారు, కింది రెండు మాత్రం ఇంకా సతాయిస్తున్నాయి. నడకలో బిగుతు కొంత మిగిలింది, బహుశా ఉంటుంది. చెప్పు జారడం ఆగింది. జేబులోంచి ఒక కాగితం తీసి చూపించారు. ఆపరేషన్ రోజున నేను రాసిచ్చినది, పాలిథీన్ కవర్లో పెట్టుకున్నారు. అందులో, ఫ్లోరోసిస్ ఉంది, ఎముకలు స్కాన్‌లో తెల్లగా కనిపించడానికి కారణం అదే, మెడకు ఆపరేషన్ అయింది, మెడ వంచకూడదు, మత్తు ఇచ్చే ముందు చూడండి అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంది.

ఆ రోజు ఆయన వెంట ఊళ్లోనే వ్యవసాయం చేస్తున్న తమ్ముడు కూడా వచ్చారు. యాభై మూడేళ్లు. ఏ స్కాన్ రిపోర్టూ తీసుకురాలేదు. గడ్డాన్ని ఛాతీకి ఆనించమన్నాను. మూడు వేళ్ల దూరంలో ఆగింది. ముంజేయి ఎక్స్‌రే తీసి, మెడ ఎమ్మారైకి రాసిచ్చాను.